తడిసిన పియానోతో దుఖాన్ దాకా

ఖతర్‌లో దోహా నుంచి దుఖాన్ వెళ్ళాలనుకునేవాళ్ళకి ముందే చెబుతున్నాను, దారిలో చూడ్డానికేమీ లేదు. ఇసుక, పైపులు, మళ్ళీ ఇసుక. నేను వెళ్ళింది మా కంపెనీ లారీలో కాబట్టి టిక్కెట్టు సంగతి నన్నడగొద్దు.

చమురు డబ్బు వచ్చిపడి ఊరంతా తవ్వేస్తున్న రోజులవి. కాకినాడ నుంచి వచ్చి కట్టడాల కంపెనీలో టైమ్‌కీపరుగా చేస్తున్నాను. మా ఇంజినీరు భార్య ఫ్రెంచావిడ, పేరు క్లేర్. దుఖాన్‌లో చమురువాళ్ళ క్లబ్బులో ఆవిడ కచేరీ. ఆవిడ పియానోని అక్కడికి చేర్చాలి. ఇంగ్లీషు వచ్చిన పాపానికి నన్ను తోడు పంపారు.

శుక్రవారం ఉదయం తొమ్మిదింటికి అల్ రయ్యాన్‌లో వాళ్ళింటి దగ్గర సరుకు ఎక్కించాం. బీరువా అంత ఉంది. "ఇంత పెద్ద బాజా షాదీల ఎట్ల మోస్తరు సాబ్?" అన్నాడు డ్రైవరు యూసుఫ్ భాయ్, నిజామాబాద్ మనిషి. "దీన్ని ఎండనివ్వకూడదు, కర్ర చీలిపోతుంది" అని మేడం చెప్పారు. వెనకాల పియానోతో కూర్చోవలసిన మల్లయ్యకి నేనూ అదే చెప్పాను. మల్లయ్యది జగిత్యాల పక్క పల్లె, మా దగ్గర స్లాబుల పని. "నాకిడ్సిపెట్టుండ్రి సార్" అన్నాడు. హమ్మయ్య అనుకుని ముందు ఎక్కాను.

మేడం పియానోని వదిలి కారులో రానన్నారు. నాకూ యూసుఫ్ భాయ్‌కీ మధ్య ఇరుక్కుని కూర్చుని, అడక్కుండానే తన కథంతా చెప్పారు. పుట్టింది లియాన్‌లో. నాలుగో ఏట పియానో ముందు కూర్చోబెట్టారు. పారిస్‌లో చదువు, బహుమతులు, ఊరూరా కచేరీలు. ఓ సాయంత్రం పారిస్‌లోనే, కిక్కిరిసిన హాల్లో, వాయిస్తూ వాయిస్తూ చేతులు ఆగిపోయాయట. లేచి బయటికి నడిచేశారు. అంతే, మళ్ళీ జనం ముందు కూర్చోలేదు. ఇరవై ఏళ్ళు. "ఇవాళ కూడా లేచి వెళ్ళిపోతే ఇంక దాని మూత తియ్యను" అన్నారు. షహానియా ఊరు వస్తోంది, అక్కడ టీ బావుంటుంది అన్నాను. టీ నిజంగానే బావుంది. కుబ్బూస్ రొట్టె మాత్రం అట్టముక్కలా ఉంది, తినకండి.

పన్నెండు దాటాక దుఖాన్ చేరాం. దిగి వెనక్కి వెళ్ళి చూస్తే, పియానో చుట్టూ తడి గోనెసంచులు! మల్లయ్య లారీలోని డ్రమ్ములోంచి ఇంకో డబ్బాడు నీళ్ళు పోస్తున్నాడు.

"ఏంట్రా ఇది?"

"క్యూరింగ్ సార్. స్లాబుకు చేసినట్టే చేసిన. దోహా కాంచి ఒక్క చుక్క ఆరనియ్యలే."

కొత్త స్లాబుని తడిపి ఉంచి ఎండకి చీలకుండా కాపాడే పద్ధతి అదే మరి.

మేడం మూత తీశారు. హార్మోనియానికున్నట్టే దీనికీ మెట్లుంటాయి. చెక్క ఉబ్బి, నొక్కితే కొన్ని కిందికి పోతున్నాయి గాని పైకి రావడం లేదు. మధ్యాహ్నమంతా తుడిచాం, ఫ్యాన్లు పెట్టాం. ఏడింటికి దొరలూ దొరసానులూ వచ్చి కూర్చున్నారు. మెట్లు మాత్రం అలాగే ఉన్నాయి. మేడం నా దగ్గరికొచ్చారు. "ఇంటికి పోదాం" అన్నారు, నా చెయ్యి పట్టుకుని.

మల్లయ్య ముందుకొచ్చాడు. "ఆమెను కొట్టుమనుండ్రి సార్. కింద వడ్డదాన్ని నేను లేపుత."

అదే ఇంగ్లీషులో చెప్పాను. ఇంతకన్నా తలతిక్క మాట నా జన్మలో తర్జుమా చెయ్యలేదు. మేడం అతన్ని ఎగాదిగా చూసి, వెళ్ళి కూర్చున్నారు.

అలా మొదలైంది కచేరీ. మేడం వాయిస్తారు, కంపెనీ కవరాల్ వేసుకున్న మల్లయ్య వంగి పడిన మెట్టునల్లా గోటితో లేపుతాడు. ఆవిడ పళ్ళ బిగువున ఫ్రెంచిలో తిడతారు. అతను "అయితున్నది మేడం" అంటాడు. ముందు వరసలో ఎవరో నవ్వారు, తర్వాత మానేశారు. సంగీతం నాకు తెలీదు, అయినా ఒళ్ళు జలదరించింది.

సగంలో ఆవిడ చేతులు ఆగిపోయాయి.

మేడం కుర్చీ వెనక్కి జరిపారు. అయిపోయింది, లేచి వెళ్ళిపోతున్నారు అనుకున్నాను. మల్లయ్య మాత్రం తప్పు తనదే అనుకుని, ఆ చివర్నుంచి ఈ చివరదాకా మెట్లన్నీ గబగబా తడిమి చూశాడు. ఒక్కటీ పడి లేదు. ఆవిడకీ అర్థమయ్యే గల్ఫు అరబ్బీలో చెప్పాడు.

"మాఫీ ప్రాబ్లం మేడం. యల్లా!"

ఏమీ ఇబ్బంది లేదు, కానివ్వండి అని. మేడం అతనికేసి చూశారు. కుర్చీ ముందుకు లాక్కున్నారు. చివరిదాకా వాయించారు. జనం లేచి చప్పట్లు కొడుతుంటే మల్లయ్య భయపడి నా వెనక్కొచ్చి నిలబడ్డాడు.

క్లబ్బువాళ్ళు బిర్యానీ పెట్టారు, ఉప్పు తక్కువ. తిరుగుదారిలో చూసేది ఇంకా తక్కువ, చీకటి. దూరంగా చమురుబావుల మంటలు తప్ప ఏమీ కనబడవు. అయినా నేను ఖతర్‌లో చేసిన ప్రయాణాల్లో బావున్నది ఇదొక్కటే. మేడం కళ్ళు తుడుచుకుంటూ కూర్చున్నారు. అల్ రయ్యాన్ దగ్గరపడుతుండగా, క్లబ్బువాళ్ళు వచ్చే నెల మళ్ళీ రమ్మన్నారని, మల్లయ్యకి ఆ రోజు సెలవిప్పించమని అడిగారు.

"అప్పటికి మెట్లు ఆరిపోతాయి కదా మేడం. అతనెందుకు?"

"మెట్ల కోసం కాదు" అన్నారు. "పక్కన నిలబడితే చాలు."

పియానో దింపేటప్పుడు మల్లయ్యకి చెప్పాను.

"ఊకె నిలవడితే చేతులు యాడ వెట్టుకోవాలె సార్?"