అందరూ మాట్లాడడం అయ్యాక పిలిచే మనిషి

2023లో మలేషియాలోని తెలుక్ ఇంటాన్‌లో వాకీటాకీ సెట్లు రిపేరు చేసే దుకాణం నేను ఒక్కదాన్నే నడుపుతున్నాను. ఎస్టేట్ల సెట్లు, చేపల పడవల సెట్లు, లారీ కంపెనీల సెట్లు వచ్చేవి. అంతకుముందు ఇద్దరం నడిపేవాళ్లం. మా ఆయన యాంటెన్నాలు చూసేవారు, నేను బల్ల దగ్గర కూర్చుని సెట్లు విప్పేదాన్ని. ఆయన పోయి అప్పటికి ఏడాది కాలేదు. చేతిలో పని ఉన్నంతసేపు బాగానే ఉండేది. దుకాణం మూశాక పుస్తకాలు చదువుతూ పొద్దుపుచ్చేదాన్ని.

సింహాచలం మావయ్య ఆ ఏడాదే నా దగ్గరికి వచ్చాడు. ఆయన మాకు చుట్టం కాదు. మా వాళ్లలో పెద్దవాళ్లను పిలిచినట్టే మావయ్యా అనేదాన్ని. పామాయిల్ ఎస్టేట్ ఆఫీసులో బేస్ స్టేషన్ రేడియో దగ్గర పనిచేసి రిటైరైన మనిషి. డెబ్బై దాటాక పరీక్ష రాసి అమెచ్యూర్ రేడియో లైసెన్సు తెచ్చుకున్నాడు. డబ్బు కోసం కాకుండా సరదా కోసం గాలిలో మాట్లాడుకునేవాళ్ల లైసెన్సు అది. దానితో పాటు ప్రతి మనిషికీ గాలిలో పేరుగా వాడుకోవడానికి ఒక కాల్‌సైన్ ఇస్తారు.

"అమ్మీ, ఈ సెట్టు సూడు. ఉపగ్రహంలో అందరూ వినబడతన్నారు. నేను పిలిస్తే ఒక్కడూ జవాబు ఇయ్యడం నేదు" అన్నాడు.

ఆయన చెప్పిన ఉపగ్రహం చిన్నది. భూమధ్యరేఖ వెంబడి తిరుగుతుంది కాబట్టి మా ఊరి మీదుగా గంటా నలభై నిమిషాలకు ఒకసారి వెళ్తుంది. అందులో రిపీటర్ ఉంది. కింది నుంచి ఒక ఫ్రీక్వెన్సీలో వెళ్లిన మాటను అందుకుని, మరో ఫ్రీక్వెన్సీలో కిందికి వదులుతుంది. ఒక్కో పాస్‌లో, అంటే ఒకసారి ఉదయించి అస్తమించే లోపల, పది పన్నెండు నిమిషాలు దొరుకుతాయి. అంతలో ఇండోనేషియా, మలేషియా, ఫిలిప్పీన్స్ వాళ్లందరూ అదే దారిలో మాట్లాడాలి. ఒకసారికి ఒక్కరే. పైగా ఆ రిపీటర్‌ను రోజూ ఆన్ చేయరు. ఏ రోజు ఉంటుందో ముందుగా చెబుతారు.

నేను పరికరం వైపు నుంచి మొదలుపెట్టాను. పంపే శక్తి మీటరు మీద సరిగానే ఉంది. యాంటెన్నా చివర కనెక్టరు విప్పితే లోపల పచ్చగా చిలుము. మా వైపు తేమకు అది మామూలే. కొత్తది వేసి, మీద రబ్బరు టేపు చుట్టాను. వారం తర్వాత మళ్లీ వచ్చాడు.

"అవలేదమ్మీ."

ఈసారి ఆయన ఒకే సెట్టుతో పంపడం, వినడం రెండూ చేస్తున్నాడని గమనించాను. మనం పంపేటప్పుడే మన మాట పైనుంచి తిరిగి వస్తోందో లేదో వినాలి. దీన్ని ఫుల్ డ్యూప్లెక్స్ అంటారు. దానికి రెండు సెట్లు ఉంటే మేలు. ఒకటి పంపడానికి, ఒకటి చెవిలో ఇయర్‌ఫోను పెట్టుకుని వినడానికి. పాత సెట్టు ఒకటి ఇచ్చాను. పంపేది 145 మెగాహెర్ట్‌జ్ దగ్గర, వినేది 435 దగ్గర. మొదటిదానికి మూడు రెట్లు రెండోదానికి దగ్గర్లోనే పడుతుంది కాబట్టి, బటన్ నొక్కగానే వినే సెట్టు చెవుడు వచ్చినట్టు అయిపోతుంది. మధ్యలో చిన్న ఫిల్టరు పెట్టాను.

డాప్లర్ సంగతీ చెప్పాను. ఉపగ్రహం మన వైపు వస్తున్నప్పుడు దాని సిగ్నలు పది కిలోహెర్ట్‌జ్ దాకా పైకి జరిగి వినిపిస్తుంది, దూరం పోతున్నప్పుడు అంత కిందికి. అందుకని వినే సెట్టులో అయిదు మెమరీలు పెట్టుకుని, మాట గరగరలాడినప్పుడల్లా ఒక్కో మెట్టు దిగాలి. పంపే ఫ్రీక్వెన్సీని కదిలించక్కర్లేదు. యాంటెన్నాను ఉపగ్రహం వైపు చూపిస్తూ మణికట్టును అటూ ఇటూ తిప్పాలి. ఉపగ్రహం దొర్లుతూ పోతుంది కాబట్టి, ఏ వాలులో మాట బాగా వస్తే ఆ వాలులో ఆపాలి. మావయ్య అన్నీ శ్రద్ధగా నేర్చుకున్నాడు. తర్వాతి వారం రంబుటాన్ పళ్ల సంచితో వచ్చాడు. నన్ను ఓదార్చడానికే తెచ్చాడని సంచి చూడగానే నాకు అర్థమైంది.

"మళ్లీ అవలేదా?"

"నీ తప్పు కాదమ్మీ. పళ్లు తిను."

ఆ సాయంత్రం సముద్రం అవతల సబాలోని తవావు నుంచి ఫోను వచ్చింది. అప్పన్న గారు, మావయ్య అక్క భర్త. ఇద్దరూ ఒకే ఎస్టేట్‌లో రేడియో పని నేర్చుకున్నవాళ్లు. అప్పన్న గారు అటు వెళ్లి స్థిరపడ్డారు. అమెచ్యూర్ రేడియోలో ఆయన ఎంతో ముందున్నారు. గొంతు బాగా బొంగురుగా ఉంది, మాట చివర మాత్రం మా మలేషియా వాళ్లందరి 'లా' ఉంది.

"ఏటమ్మీ, మా బామ్మర్ది సెట్టు బాగైనాదా? నేదంటే రెండు కొబ్బరి చిప్పలకి దారం కట్టి ఇయ్యి లా. అదైనా పలుకుద్ది."

నవ్వాను. ఆయన కూడా నవ్వబోయి దగ్గారు. తర్వాత అసలు విషయం చెప్పారు. గొంతులో క్యాన్సరు. వచ్చే నెల స్వరపేటిక తీసేస్తారు. ఆ తర్వాత మాట ఉండదు.

"ఫోనులో రోజూ మాట్లాడతన్నాం, అది కాదు. కుర్రోళ్లప్పుడు ఎస్టేట్ సెట్టులో మహా అయితే రెండు మైళ్ల దూరం మాట్లాడినాం. ఇప్పుడు ఆకాశం మీంచి ఒక్కసారి వాడి గొంతు వినాల, నా గొంతు వాడికి వినిపించాల. నా కాడ ఇంకా గొంతు ఉండగా."

ఆపరేషన్ లోపల రిపీటర్ ఆన్‌లో ఉండే రోజులు కొన్నే మిగిలాయి. మర్నాడు వాటిలో ఒకటి. దుకాణం తొందరగా మూసి మావయ్యతో పాటు పేరాక్ నది గట్టు మీదికి వెళ్లాను. అక్కడైతే పామాయిల్ చెట్లు అడ్డం రావు.

పడమటి వైపు నుంచి ఉపగ్రహం వచ్చింది. మావయ్య చేతిలో యాంటెన్నా గురి చక్కగా ఉంది. మణికట్టు తిప్పుతున్నాడు, మెమరీలు దిగుతున్నాడు. మాటలు గాజులా స్పష్టంగా వస్తున్నాయి. సుమత్రా ఆయన ఎవరో మాట్లాడాడు. తర్వాత జావా మనిషి. వాళ్ల మధ్యలో అప్పన్న గారి బొంగురు గొంతు, మావయ్య కాల్‌సైన్‌తో పిలుస్తూ. నేను మావయ్య వైపు చూశాను. ఆయన తల ఊపుతూ వింటున్నాడు. బటన్ మీద వేలు ఉంది, నొక్కడం లేదు.

"మావయ్యా, పిలుస్తన్నారు!"

"ఉండమ్మీ. జావా ఆయన ఇంకా మాట్లాడతన్నాడు."

జావా ఆయన అయ్యాక బాలి నుంచి ఇంకొకరు వచ్చారు. మావయ్య ఆగాడు. చివరికి అన్ని గొంతులూ సన్నబడి ఆగిపోయాయి. అప్పుడు ఆయన గొంతు సవరించుకుని, బటన్ నొక్కి, తన కాల్‌సైన్ మూడు సార్లు నిదానంగా, ఎంతో మర్యాదగా చెప్పాడు. ఉపగ్రహం అప్పటికే తూర్పున దిగిపోయింది.

"సూసినావా? ఒక్కడూ పలకడు" అన్నాడు.

నేను గట్టు మీద కూర్చుండిపోయాను. ఇన్ని వారాలుగా ఆయన ఉపగ్రహం పోయిన ఖాళీ ఆకాశాన్ని పిలుస్తున్నాడు.

"మధ్యలో ఎందుకు పిలవలేదు మావయ్యా?"

"ఒకరు మాట్లాడతంటే మధ్యలో ఎలా దూరతాం? ఎస్టేట్‌లో ఒకటే ఛానలు. మేనేజరు అయ్యాక అసిస్టెంటు, ఆయన అయ్యాక తోట పని చూసే కండక్టరు, అందరూ అయ్యాక మేము. నేను ఏ రోజూ ఎవరి మాట మీద మాట పెట్టలేదు."

ఆ మాట గర్వంగానే అన్నాడు. అలా పనిచేయడం వల్లే ఆ ఎస్టేట్‌లో ఆయనకు పేరు. ఉపగ్రహంలో మాత్రం అందరూ అయ్యేదాకా ఆగితే ఉపగ్రహమే ఉండదు. ఇద్దరి మాటల మధ్య ఒక్క క్షణం సందు వస్తుంది. అందులో కాల్‌సైన్ ఒక్కసారి చెప్పి వదలాలి. అది అమర్యాద కాదు, అక్కడి పద్ధతే అది.

మరుసటి రోజు నుంచి దుకాణంలో సాధన. ఒక వాకీటాకీ నా చేతిలో, ఒకటి ఆయన చేతిలో. నేను పేపరు చదువుతూ ఉంటాను, ఊపిరి తీసుకునే చోట ఆయన దూరాలి. మొదటిసారి ఆయన దూరింది ఇలా: "అమ్మీ, చదువుతన్నావు, మధ్యలో వచ్చినందుకు ఏటీ అనుకోకు, నేను సింహాచలాన్ని..."

"మావయ్యా, ఈ క్షమాపణ అయ్యేసరికి ఉపగ్రహం సులవేసి దీవి దాటిపోద్ది."

"మరేటి సెయ్యమంటావు?"

"కాల్‌సైన్ సెప్పు, బటన్ వదిలెయ్. అంతే లా."

సిగ్గుపడుతూ చెప్పాడు. రెండోసారి కొంచెం గట్టిగా. పక్క కొట్టు చైనా ఆవిడ ఏం జరుగుతోందని వచ్చి చూసింది. విషయం చెప్తే ఆవిడ కూడా కుర్చీ వేసుకుని కూర్చుని, సందు రాగానే "నౌ, అంకుల్, నౌ!" అని అరవడం మొదలుపెట్టింది. వారం తిరిగేసరికి ఆయన నా వార్తను ఎక్కడ కావాలంటే అక్కడ తుంచేస్తున్నాడు.

ఆపరేషన్‌కు ముందు మిగిలిన ఆఖరి అవకాశం రోజు గట్టు మీద గాలి బాగా ఉంది. ఉపగ్రహం పైకి వచ్చింది. సుమత్రా ఆయన మాట ముగించాడు. ఒక్క క్షణం నిశ్శబ్దం. మావయ్య బటన్ నొక్కాడు. కాల్‌సైన్ చెప్పాడు. ఆయన గొంతే పైనుంచి తిరిగి ఆయన చెవిలో పడింది. ఉలిక్కిపడి బటన్ వదిలేశాడు.

వెంటనే ఆ బొంగురు గొంతు. "బామ్మర్దీ! ఇన్నాళ్లకి నోరు వచ్చినాదా!"

"బావా! వినబడతన్నానా?"

"ఫైవ్ నైన్, నిండు మార్కులు! పక్కింట్లోంచి అరిసినట్టుంది. మీ అక్క కూడా వింటంది. సెట్టు ఎవరు బాగు సేసినారు?"

"సెట్టు బాగానే ఉంది బావా. నన్ను బాగు సేసినారు."

తవావులో అక్క నవ్వడం కూడా వినిపించింది. ఒక నిమిషం కూడా మాట్లాడలేదు వాళ్లు. తర్వాత ఫిలిప్పీన్స్ నుంచి ఒకాయన, జావా ఆయన వరసగా అభినందనలు చెప్పారు. మావయ్య యాంటెన్నా దించి, కళ్లు తుడుచుకుని, "తే తారిక్ తాగుదాం పద, ఇయాల టీ డబ్బులు నాయి" అన్నాడు.

ఆపరేషన్ బాగా జరిగింది. మాట పోయింది, మనిషి నిలబడ్డారు. కొన్ని నెలల తర్వాత మావయ్యకు అక్క ఫోను చేసి, ఈ రోజు మీ బావ ఉపగ్రహంలోకి వస్తారు, చెవి పెట్టండి అంది. గట్టు మీదికి వెళ్లాం. మాటల కింద సన్నగా బీప్ బీప్ అని వినిపించింది. అది మోర్స్, చుక్కలు గీతల భాష. ఆసుపత్రి మంచం మీద మళ్లీ సాధన చేశారట. ఎవరో ఇద్దరు అది అంతరాయం అనుకుని దాని మీదే మాట్లాడేస్తున్నారు.

మావయ్య ఆగలేదు. వాళ్ల మాట మధ్యలోనే నొక్కాడు. "స్టాండ్ బై, స్టాండ్ బై! తోలోంగ్, దయచేసి అందరూ ఒక్క నిమిషం ఆగండి లా. మా బావ మాట్లాడతన్నాడు!"

తెలుగు, మలయ్, ఇంగ్లీషు కలిపి అన్నదాన్ని ఎవరు ఎంత అర్థం చేసుకున్నారో తెలియదు గానీ, అందరూ ఆగారు. ఖాళీ అయిన దారిలో బీప్‌లు స్పష్టంగా వచ్చాయి. మోర్స్ నాకు మా ఆయన నేర్పారు. ఒక్కో అక్షరం పైకి చదివాను. ముందు ఆయన కాల్‌సైన్. తర్వాత ఇంగ్లీషు అక్షరాల్లోనే, తిన్నావా.

"తిన్నాను బావా! ఇడియాప్పం!" అని మావయ్య ఆకాశంలోకి అరిచాడు. బీప్‌లతో ఏం అడిగారని సుమత్రా ఆయన అడిగితే మావయ్య మలయ్‌లో చెప్పాడు. "నేనూ తిన్నాను!" అని ఆయన, ఆ వెనకే జావా ఆయన కూడా జవాబు ఇచ్చారు.

కనెక్టరు, ఫిల్టరు, డాప్లర్ ఇవన్నీ చూడాల్సినవే. నేను ఇప్పటికీ చూస్తాను. అయితే ఎవరైనా సెట్టు తెచ్చి ఎవరూ పలకడం లేదని చెబితే ముందు స్క్రూడ్రైవరు తీయను. సెట్టు వాళ్ల చేతికే తిరిగి ఇచ్చి, నా ఎదురుగా ఒకసారి పిలవమంటాను. వాళ్లు పిలుస్తున్నంతసేపూ బటన్ ఎప్పుడు నొక్కుతారా అని వాళ్ల బొటనవేలినే చూస్తాను.