షోకేసులో గేమ్‌బాయ్

ఈ రోజు మేనమామ కొడుకు కిశోర్ చేతిలో పట్టుకుని ఆడే కొత్త వీడియో గేమ్ పీఎస్పీతో భవానీపురంలోని మా ఇంటికి వచ్చాడు. బ్రిక్ గేమ్‌లో కార్ రేసు, గేమ్‌బాయ్‌లో టెన్నిస్, దీంట్లో ఫుట్‌బాల్ తనకిష్టమట.

"గేమ్‌బాయ్‌లో నీకేదిష్టం బావా?"

షోకేసు చూపించాను. నా ఆరో తరగతిలో బాబాయి కువైట్ నుంచి తెచ్చిన గేమ్‌బాయ్ అందులోనే ఉంది. పాడుచేస్తానని అమ్మ ఆ రోజే లోపల పెట్టి తాళం వేసింది. నేను ఏడ్చినా తీయని తాళం ఇవాళ చుట్టం అడగ్గానే తీసింది. బాబాయి వేసిన బ్యాటరీలు ఎప్పుడో కారిపోయి, లోపలంతా తుప్పు.

"చూశావా, ముట్టుకోకపోతేనే ఇట్టా అయింది. నీ చేతికిచ్చుంటే ఇంకేమైపోయేదో!" అంది అమ్మ.

తుడిచి, మళ్ళీ అక్కడే పెట్టి తాళం వేసింది.

మీ ఇళ్ళ షోకేసుల్లో ఏమేం చచ్చిపోయాయో చెప్పండి.