పాటగా వచ్చిన ఫిర్యాదు

పౌర ఫిర్యాదుల ఆఫీసులో ఆమెను అందరూ చెవులక్క అనేవారు. ఎవరు పెట్టారో గానీ ఉద్యోగానికి తగ్గ పేరే. పొద్దున్న తొమ్మిదిన్నరకు హెడ్‌ఫోన్ తగిలించుకుంటే సాయంత్రం దాకా వినడమే ఆమె పని.

ఒకప్పుడు ఆ హాలులో నలభై మంది కూర్చుని ఫోన్లు ఎత్తేవారు. కుళాయి రాలేదని, వీధి దీపం వెలగలేదని జనం చెబితే రాసుకునేవారు. ఇప్పుడు ఫోన్ ఎత్తేది కృత్రిమ మేధ. మాట విని, ఏ శాఖదో తేల్చి, అక్కడికి పంపేస్తుంది. ఫిర్యాదు కాదనుకుంటే మూసేస్తుంది. అంతా యంత్రానికే వదిలేస్తే ఎలా అని ప్రభుత్వం ఒక నిబంధనల పుస్తకం అచ్చువేసింది. మూసేసిన ప్రతి వంద కాల్స్‌లో ఒకటి మనిషి వినాలి. విన్నది బయటికి పొక్కకూడదు. విన్నవాళ్ళు కాల్ చేసినవాళ్ళను కలవకూడదు. యంత్రం తప్పు చేస్తే కమిటీకి రాయాలి. ఏ నియమానికి ఆ నియమం చదివితే తప్పుపట్టడానికి ఏమీ లేదు. అన్నీ కలిసి తన చుట్టూ గోడలు కట్టాయని చెవులక్కకు తెలిసి రావడానికి రెండేళ్ళు పట్టింది.

ఆమె తెర మీద రెండే బొత్తాలు. ‘యంత్రం సరే’ నొక్కితే తర్వాతి కాల్ వస్తుంది. ‘యంత్రం తప్పు’ నొక్కితే ఎనిమిది ప్రశ్నల ఫారం వస్తుంది. అది నింపితే మూడు నెలలకోసారి కూర్చునే కమిటీకి వెళ్తుంది. కాల్ మాత్రం మూసింది మూసినట్టే ఉంటుంది. తిరిగి తెరిచే బొత్తాం ఆమెకు ఇవ్వలేదు.

ఒక సోమవారం పక్క సీటు అమ్మాయి పగలబడి నవ్వుతూ పిలిచింది.

“అక్కా, ఇలా రా! ఇవాళ మనకి కచేరీ పెట్టారు!”

స్పీకర్ పెట్టింది. ఒక మగగొంతు జోలపాట వరసలో పాడుతోంది. కాలవగట్టు క్వార్టర్లు, బీ బ్లాకు, ఆరో అంతస్తు, లిఫ్టు ఆగిపోయి నలభై రోజులు, చక్రాల కుర్చీలో ఉన్న అమ్మ కిందికి దిగనే లేదు. సాగదీసి, సాగదీసి పాడాడు. కింద యంత్రం రాసుకున్నది: ‘పాట. ఆకతాయి కాల్. మూసివేయడమైనది.’

హాలంతా నవ్వింది. చెవులక్కా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే ఆమెకు నాన్న గుర్తొచ్చాడు.

ఆమె తండ్రి వడ్రంగి. నత్తి. మంచినీళ్ళు అడగాలంటే ‘మ’ దగ్గరే ఇరుక్కుపోయేవాడు. మెడ నరాలు తేలిపోయేవి. పాడితే మాత్రం ఎక్కడా తట్టుకోకుండా వచ్చేది. అందుకని ఇంట్లో మంచినీళ్ళు పాడి అడిగేవాడు. పిల్లలు నవ్వితే తానూ నవ్వేవాడు. గడప దాటాక ఒక్కనాడూ పాడలేదు.

ఆమె తన సీటుకు వచ్చి ఆ నంబరు వెతికింది. అంతకు ముందు పదకొండు కాల్స్. అన్నీ ఏడు సెకన్లకే ‘మాటలేని కాల్’ కింద మూతపడ్డాయి. శబ్దం పెంచి వింది. ఊపిరి తీసుకుంటున్న చప్పుడు. “లి... లి...” అంతే. కట్.

పాట కాల్‌కి ‘యంత్రం తప్పు’ నొక్కి, ఫారం నింపి, సెక్షన్ ఆఫీసరు దగ్గరికి పరుగెత్తింది.

“సార్, ఇది నిజం ఫిర్యాదు. తెరిపించండి.”

“తప్పని నొక్కావు కదా? కమిటీ చూస్తుంది.”

“కమిటీ వచ్చే నెలాఖరుకి సార్. ఆవిడ అక్కడ పైన ఇరుక్కుపోయి ఉంది.”

“నాకు మాత్రం జాలి లేదా తల్లీ? తెరిచే అధికారం నాకూ లేదు. ఇదివరకు మనవాళ్ళు అయినవాళ్ళ పనులు ముందుకి తోసుకున్నారనేగా ఆ నియమం పెట్టింది.”

“పోనీ లిఫ్టు శాఖకి నేనే ఒక మాట చెప్పనా?”

“విన్నది బయట పెట్టినట్టవుతుంది. నీ ఉద్యోగానికే ఎసరు.”

ఆయన చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే కాసేపు తిట్టుకుని ఊరుకునేది. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియక ఆ వారమంతా కక్కలేక మింగలేక తిరిగింది. భర్త కూడా, “నీ చేతిలో లేనిదానికి నువ్వేం చేస్తావు?” అన్నాడు. అదీ నిజమే.

ఆదివారం బస్సెక్కి కాలవగట్టు క్వార్టర్లకు వెళ్ళింది. ఆరు అంతస్తులు ఎక్కేసరికి తలప్రాణం తోకకొచ్చింది. తలుపు తీసినవాడికి నలభై ఏళ్ళుంటాయి. గడియారాలు బాగుచేసేవాడు, కంటి అద్దం ఇంకా నుదుటి మీదే ఉంది.

“ఎ... ఎ...”

ఆమె ఆగింది. మాట తనే అందించేస్తుందేమోనని అతను ఆమె మొహంలోకి చూశాడు. ఆమె అందించలేదు. చాలాసేపటికి “ఎవరండీ?” అన్నది బయటపడింది.

“మీ పాట విన్నాను తమ్ముడూ.”

అతని చెవులు ఎర్రబడిపోయాయి. లోపల కిటికీ దగ్గర కుర్చీలోంచి ముసలావిడ అడిగింది.

“పాటేమిట్రా? నువ్వు పాడావా?” తర్వాత చెవులక్క వైపు తిరిగి, “బళ్ళో పాడమని కొట్టినా నోరు విప్పలేదమ్మా వీడు,” అంది.

అతను గోడ వైపు తిరిగాడు.

చెవులక్క తన ఫోన్ తీసి, అక్కడే నిలబడి, ఫిర్యాదుల నంబరుకు కాల్ చేసింది. బ్లాకు, అంతస్తు, లిఫ్టు. గడగడా చెప్పేసింది. “మీ ఫిర్యాదు నమోదైంది. ధన్యవాదాలు,” అంది యంత్రం. మొత్తం నలభై సెకన్లు.

“అంతేనా?” అన్నాడు అతను. ఆ ఒక్క మాటా ఎక్కడా తట్టుకోలేదు.

గురువారం లిఫ్టు నడిచింది. ఆ పై సోమవారం చెవులక్కకు మెమో వచ్చింది. సిబ్బందిని కనిపెట్టుకుని ఉండే యంత్రం ఇంకొకటుంది. ఆమె విన్న కాల్‌లోని చిరునామానూ, ఆమె ఫోన్ నుంచి వచ్చిన ఫిర్యాదునూ అది జతచేసి చూపించింది.

కమిటీలో ఐదుగురు. పెద్దావిడ నెమ్మదిగానే మాట్లాడింది.

“మీరు చేసింది మంచిపనే కావచ్చు. రేపు ఇంకొకరు ఇలాగే కాల్ విని, ఒంటరిగా ఉన్న ఆడమనిషి ఇంటికి వెళ్తే?”

ఆ మాట న్యాయమైనదే కావడం చెవులక్కను కుంగదీసింది.

“మీరన్నది నిజమే మేడం,” అంది. “మరి అతను ఎవరికి చెప్పుకోవాలి? ఏడు సెకన్లలో మా నాన్న తన పేరు కూడా చెప్పలేకపోయేవాడు.”

రెండు వారాలకు ఉత్తర్వు వచ్చింది. యంత్రం ఇకపై ఏడు కాదు, ముప్పై సెకన్లు ఆగాలి. మాటలేని కాల్‌ని గానీ, పాటని గానీ మనిషి వినకుండా మూయకూడదు. వినే మనిషికి తిరిగి తెరిచే అధికారం ఉంటుంది. అదే ఉత్తర్వు కింద, నియమం దాటినందుకు చెవులక్క సర్వీసు రిజిస్టరులో మందలింపు. ఆ కింద, అనుభవం దృష్ట్యా ఆ వినే మనిషి చెవులక్కే.

పక్క సీటు అమ్మాయి చేతులు పట్టుకుని ఊపేసింది. “గెలిచావక్కా!”

“గెలిచానే,” అంది చెవులక్క.

ఆమెకు వేరే గది ఇచ్చారు. చప్పుడు రాకుండా గోడలకు స్పాంజి అంటించిన గది, బీరువా కంటే కాస్త పెద్దది. రోజుకు మూడు వందల కాల్స్. చాలావరకు జేబులో పొరపాటున నొక్కుకున్న ఫోన్లే. ట్రాఫిక్, టీవీ, ఎవరిదో గురక. ఒక్కటీ దాటేయడానికి లేదు, దేని వెనకైనా మనిషి ఉండొచ్చు. ఆరు నెలలకు రికార్డుల విభాగానికి బదిలీ అడిగితే, ఈమె లేనిదే ఈ పద్ధతి నడవదని మెచ్చుకుంటూ కాగితం వెనక్కి పంపారు. వద్దనడానికీ నోరు రాలేదు. అడిగి తెచ్చుకున్నదేగా.

ఇంట్లో భర్త ఏదో చెబుతూ మధ్యలో ఆగితే, చేతిలో గరిటె అలాగే పట్టుకుని ఎదురుచూస్తుంది. “అయిపోయింది, ఇంకేం లేదు,” అని అతను చెప్పాలి.

నిన్న మధ్యాహ్నం ఒక కాల్‌లో ఇరవై రెండు సెకన్లు ఏమీ లేదు. ఇరవై మూడో సెకనుకు ఒక ఆడగొంతు, “కు... కు...” అంది. చెవులక్క ముందుకు వంగింది. ముప్పై దాకా వచ్చి కాల్ ఆగిపోయింది. కుళాయో, కుక్కో, కూలిన గోడో. తెరిచే బొత్తాం నొక్కి, తిరిగి ఫోన్ చేయాలని రాసి, పంపింది.

తర్వాతి కాల్ వచ్చింది. ఎక్కడో ఫ్యాను తిరుగుతున్న చప్పుడు.