రత్నం సార్‌కు దక్కని స్నాపర్

అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల బోర్డులు మెట్ల గోడల దాకా పాకిపోయిన ఒక గల్లీలో నాది గడియారాల రిపేరు దుకాణం. ఇరవై రెండేళ్ళ కింద ఒక మధ్యాహ్నం విజయరత్నం గారు లోపలికి వచ్చి, బల్ల మీద చేపలు పట్టే రీలు ఒకటి పెట్టారు.

"జర తెరిచి చూడు భాయ్. ఉప్పు పట్టి తిరుగుతలేదు."

"గిసొంటిది నేనెన్నడూ చూడలే సార్."

"లోపల పళ్ళచక్రాలే కదా. నీ చేతికి తెలుస్తది."

నా చేతికి తెలిసింది. అట్లా మొదలైంది మా దోస్తీ.

ఆయన మా పక్క గల్లీలో టైపు ఇన్‌స్టిట్యూట్ మాస్టారు. లోయర్, హయ్యర్ పరీక్షలకు కొన్ని వేలమందికి వేళ్ళు తిప్పడం నేర్పిన మనిషి. టైపు మిషన్లను పాత సామాన్ల బండి ఎత్తుకుపోయిన ఏడాది, నలభై దాటిన వయసులో కంప్యూటర్ నేర్చుకుని, అదే గదిలో, అదే కుర్చీలో కూర్చుని ట్యాలీ చెప్పడం మొదలుపెట్టారు. అందరం ఆయన్ని రత్నం సార్ అనేవాళ్ళం. పంజాగుట్టలో నాలుగో అంతస్తులో రెండు గదుల ఇల్లు. ఆయన భార్య రూతమ్మ గారు బేగంపేటలో ఒక ఆసుపత్రిలో నర్సు. పిల్లలు లేరు. నేను ఆమెను భాభీ అంటాను.

సార్ చిన్నప్పుడు సెలవులకు బందరులో మేనమామ ఇంటికి పోయేవారట. ఆ మేనమామ మడ అడవుల మధ్య పాయల్లో గాలం వేయడం నేర్పారు. అక్కడే ఆయనకు ఎర్ర స్నాపర్ అనే చేప పిచ్చి పట్టింది. చలికాలంలో రెండుసార్లు బందరు పోకపోతే ఆయనకు ఏడాది గడిచినట్టే ఉండేది కాదు. రీలు బాగుచేసిన పాపానికి నన్నూ వెంట తీసుకుపోయేవారు.

ఆ చేప సంగతి చెప్పాలి. మడచెట్ల వేర్ల కింద చీకట్లో ఉంటుంది. ఎర మీద పడిందంటే పిడుగు పడ్డట్టే. పడీ పడగానే వెనక్కి తిరిగి వేర్లలోకి ఉరుకుతుంది. రెండు ఊపిరుల టైం. అప్పుడే ఆపాలి. ఒక్క గజం దారం ఇచ్చామా, వేర్లకు పట్టిన ఆల్చిప్పలు దారాన్ని బ్లేడులాగా కోసేస్తాయి. ఇంత కష్టపడి పట్టిన చేపను సార్ నీళ్ళలోనే ఉంచి కొక్కెం తీసి వదిలేసేవారు. మొదట్లో నాకు కోపం వచ్చేది. "కూరకు చేపలు మార్కెట్ల దొరకవా ముషర్రఫూ?" అని నవ్వేవారు.

ఆయనకు పెద్ద స్నాపర్ ఎన్నడూ దక్కలేదు. ఎప్పుడూ కిలో, కిలోన్నర. ఒక పాయ మలుపులో ముసలిది ఒకటి ఉందని ఆయన నమ్మకం. పోయిన ఏడాది జనవరిలో అది నిజంగానే పడింది.

గాలం రాడ్డు విల్లులా వంగింది. సార్ కాళ్ళు పడవ అంచుకు తన్నిపెట్టి నిలబడ్డారు. ఆపుతారనే అనుకున్నాను. అంతలో రీలు జర్రున జారింది. దారం పోతూనే ఉంది. ఒక్క క్షణం, అంతే. వేర్లలో ఎక్కడో తెగింది.

తప్పు నాది. రీలులో పట్టు నిలిపే వాషర్ అరిగిపోతే, అసలుది తెప్పించేదాకా ఓపిక లేక, గడియారం తోలు పట్టీ ఒకటి గుండ్రంగా కోసి వేశాను. ఆయన అడిగితే "కొత్తది ఏసిన సార్, పక్కా ఉంది" అన్నాను. ఇరవై రెండేళ్ళలో ఆయనతో ఆడిన అబద్ధం అదొక్కటే.

సార్ రీలు వైపు చూశారు. తర్వాత నా వైపు చూశారు. "దాని నసీబు మంచిగుంది," అని ఫ్లాస్కులో చాయ్ నాకు పోసి ఇచ్చారు. నేను తల దించుకుని తాగాను.

మార్చిలో క్లాసు చెప్తుండగా ఆయన చేతిలో మార్కర్ జారిపడింది. వంగి తీసుకోబోయి లేవలేదు. పక్షవాతం. కుడి చెయ్యి పడిపోయింది, మాట పోయింది. పది వేళ్ళతో అన్నం సంపాదించుకున్న మనిషికి ఐదు వేళ్ళు, నాలుగు మాటలు మిగిలాయి. భాభీ ఉద్యోగం మానేశారు. ప్రతి శుక్రవారం నమాజు అయినంక నేను వెళ్ళి కూర్చునేవాణ్ణి. ఆయన గోడ వైపు తిరిగి పడుకునేవారు. వాషర్ సంగతి చెప్పాలని పోయి, చెప్పకుండానే వచ్చేవాణ్ణి.

జూన్‌లో ఒకరోజు ఎడమచేత్తో బీరువా మీదికి చూపించారు. భాభీకి అర్థమై, రాడ్డు దించి ఒళ్ళో పెట్టారు. ఆయన ఎడమ చెయ్యి రీలు పిడి మీదికి పోయింది. దాన్ని తిప్పేది ఎప్పుడూ ఆ చెయ్యే. రాడ్డు పట్టుకోవాల్సిన కుడి చెయ్యి మాత్రం మంచం మీద అట్లనే పడి ఉంది. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ముప్పై ఏళ్ళు ఆ గాలాల్ని తిట్టిపోసిన భాభీ, ఆయన పక్కన ఒరుసుకుని కూర్చుని రాడ్డు పట్టుకున్నారు.

"నేను పట్టుకుంట. మీరు తిప్పుండ్రి."

ఆ రోజు నుంచి శుక్రవారం శుక్రవారం మిద్దె మీద ప్రాక్టీసు. కుర్చీలో సార్, పక్కన స్టూలు మీద భాభీ. దారం కొస నా నడుముకు కట్టుకుని నేను చేపనయ్యేవాణ్ణి. నీళ్ళ ట్యాంకుల చుట్టూ ఉరికేవాణ్ణి. అవతల మెట్రో రైలు పోతుంటే కిటికీల్లోంచి జనం వింతగా చూసేవాళ్ళు. "గట్టిగ... గట్టిగ!" అని సార్ కేకేసేవారు. ఆ మాట ఆయనకు మస్తు స్పష్టంగా వచ్చేది. "గట్టిగనే పట్టుకున్న, మీరు ముందుగాల తిప్పుండ్రి!" అని భాభీ కసురుకునేవారు. నాలుగు నెలల్లో ఆ ఇద్దరి రెండు చేతులూ ఒక మనిషివే అన్నట్టు కుదిరిపోయాయి. నవంబరులో బందరు పోదామని అనుకున్నాం.

అక్టోబరులో జ్వరం వచ్చింది, దాని వెంటే రెండోసారి పక్షవాతం. మూడో రోజు పొద్దున సార్ పోయారు. నారాయణగూడ సమాధుల తోటలో మట్టి వేసినప్పుడు, ఆయన దగ్గర టైపు నేర్చుకున్నవాళ్ళు, తల నెరిసినవాళ్ళు సుత ఎంతోమంది వచ్చారు.

రెండు వారాలకు భాభీ మా దుకాణానికి వచ్చారు. సంచిలోంచి రీలు తీసి బల్ల మీద పెట్టారు. ఇక నావల్ల కాలేదు. తోలు ముక్క సంగతి అంతా చెప్పేశాను.

ఆమె నిదానంగా విన్నారు. "నాకు తెలుసు భాయ్. బందరు నుంచి వచ్చిన తెల్లారే విప్పి చూసిండ్రు. ఆ తోలు ముక్క నాకు చూపించి ఒకటే నవ్వుడు. 'ముషర్రఫ్‌కు చెప్పకు రూతూ, మనసు నొచ్చుకుని రీలు ముట్టుడే బంద్ చేస్తడు' అన్నరు. కొత్తది ఆయనే తెప్పిచ్చి ఏసుకున్నరు."

నేను కంటికి అద్దం పెట్టుకుని, ఎదురుగా ఉన్న గడియారం మీదికి వంగిపోయాను. ఆ అద్దంలోంచి ఏమీ కనబడలేదు.

"నవంబర్ల పోదామనుకున్నం కదా," అన్నారు ఆమె లేస్తూ. "పోదాం."

నా భార్య కుల్సుం కూడా వస్తానంది. ముగ్గురం పోయాం. పాయలోకి పోటు ఎక్కుతోంది. భాభీ విసిరిన ఎర మొదట కొమ్మల్లో చిక్కింది, తర్వాత బురదలో పడింది. ప్రతిసారీ దారం వెనక్కి చుట్టి ఇచ్చింది నేనే. పదోసారో, పదిహేనోసారో సరిగ్గా వేర్ల అంచున పడింది. పడవ నడిపే ఆయన "ఇప్పుడు కరెక్టండీ" అన్నాడో లేదో, రాడ్డు నీళ్ళలోకి గుంజుకుపోయింది.

"గట్టిగ భాభీ! తిప్పుండ్రి!" అని అరిచాను.

ఆమె కుడి చెయ్యి రాడ్డును బిగించి పట్టుకుంది. ఎడమ చెయ్యి మాత్రం ఒళ్ళోంచి లేవలేదు. నాలుగు నెలలుగా ఆ పిడి ఆయనది. ఆమె పక్కకు తిరిగి చూశారు. ఆ పక్కన కూర్చునే చెక్క ఖాళీగా ఉంది. రీలు మాత్రం ఒక్క అంగుళం జారలేదు.

కుల్సుం లేచి వెనక నుంచి ఆమె నడుం పట్టుకుంది. "తిప్పు అక్కా," అంది మెల్లగా. అప్పుడు భాభీ ఎడమ చెయ్యి పైకి లేచి పిడిని పట్టుకుంది. ఏడుస్తూనే తిప్పారు. ముక్కూ కన్నూ తుడుచుకోకుండా తిప్పారు.

అది పైకి వచ్చింది. కాల్చిన రాగి రంగు, నోటి నిండా పళ్ళు, నా చెయ్యంత పొడుగు. సార్ ఇరవై ఏళ్ళు వెతికిన దానికంటే చిన్నదో పెద్దదో నాకు తెలీదు.

"ఏంటండీ అమ్మగారూ, వదిలేస్తారా? ఇంత చేపని?" అన్నాడు పడవ ఆయన.

భాభీ కొక్కెం తీశారు. సార్ చేసినట్టే, చేపను నీళ్ళలో రెండు చేతుల మధ్య పట్టుకుని ఉంచారు. దాని మొప్పలు తెరుచుకుని మూసుకున్నాయి. తోక ఒక్కసారి కొట్టి వెళ్ళిపోయింది. ఆమె చేతులు నీళ్ళలోనే ఉన్నాయి.

నా వైపు చూడకుండా అడిగారు:

"ఇంటికి పోయి ఇది ఎవరికి చెప్పాలె భాయ్?"

కుల్సుం తన చున్నీతో ఆమె చేతులు తుడిచింది. పడవ ఆయన పడవను ఒడ్డు వైపు తిప్పాడు.