పొగ తీసిన చాయ్

నా ముక్కు మీద నాకు మొదటి నుంచీ గట్టి నమ్మకం. పక్కింట్లో పాలు అడుగంటినా ఇక్కణ్ణుంచే చెప్పేస్తాను. ఆ ముక్కే ఒమాన్‌లో నా కొంప ముంచినంత పని చేసింది.

డెబ్బైల నడిమి మాట. బహ్లా సైట్ మీద నెత్తి మాడేలా సిమెంటు కలిపేవాణ్ణి. ఖురంలో ఇంజనీరు దొర బంగళాలో వంటవాడు మానేసి ఊరెళ్ళిపోతే, రూమ్‌లో అందరికీ నేనే వండుతున్నానని కంపెనీవాళ్ళు నన్ను పంపారు. నెల రోజులు చూస్తారట. నచ్చితే వంటింట్లో నీడపట్టున ఉద్యోగం, లేదంటే మళ్ళీ బహ్లా ఎండ. ఆ వంటింట్లో ఫ్యాను, గ్యాసు పొయ్యి, ఫ్రిజ్ నీళ్ళు! కాళ్ళు పట్టుకునైనా అక్కడే ఉండిపోవాలనుకున్నాను.

దొరకి తిండి యావ లేదు, ఏది పెట్టినా తినేవాడు. సాయంత్రం చాయ్ దగ్గర మాత్రం మహా పట్టింపు. నెల ముగుస్తుందనగా ఒక డబ్బా నా చేతికిచ్చి, ఇది చైనా నుంచి తెప్పించిన మంచి చాయ్, రేపట్నుంచి ఇదే పెట్టమని వచ్చీరాని హిందీలో చెప్పాడు. మూత తీశానో లేదో, గుప్పుమని పొగ వాసన! ఓడలో ఏదో తగలబడి దీనికి పట్టిందని తేల్చేశాను.

దొర కారు నడిపే కడప భాయ్‌కి చూపించాను.

"గీ చాయ్‌పత్తికి పొగ వట్టింది భాయ్. నేనే మాడగొట్టిన్నంటడు దొర. మల్ల బహ్లాకే తోలుతడు."

ఆయన చిటికెడు వాసన చూసి మొహం తిప్పుకున్నాడు. "ఎండకెయ్యప్పా! ఈడి ఎండకి దయ్యాలే పారిపోతాయి, పొగెంత?"

ఉతికిన లుంగీ డాబా మీద పరిచి సగం డబ్బా గుమ్మరించాను. పురుగు పట్టిన కందిపప్పులా తిరగేస్తూ కూర్చున్నాను. సాయంత్రానికి పొగ జాడ లేదు. సంబరంగా వంటింట్లోకి వెళ్ళి, ఆ ఆకుని నల్లగా మరిగించి దొరకి పట్టుకెళ్ళాను.

ఒక గుక్క తాగి కప్పు దించాడు. "ధువా కహాఁ హై?" పొగ ఏదని అడుగుతున్నాడు!

"నికాల్ దియా సాబ్!" తీసేశానన్నాను, గర్వంగా. నమ్మకం కుదరడానికి లుంగీ కూడా తెచ్చి చూపించాను.

దొర లుంగీని ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. పొగంతా అందులో భద్రంగా ఉంది. ఆ ఆకుని పైన్ కట్టెల పొగ మీద కావాలనే ఆరబెడతారని, ఆ పొగకే అంత ధర అని అప్పుడు చెప్పాడు. నువ్వు బహ్లాలోనే నయమని గొణుక్కుంటూ వంటింట్లోకి నడిచాడు. నా పైప్రాణాలు పైనే పోయాయి.

మిగిలిన సగం డబ్బాలోంచి తీసి ఆయనే చేసి చూపించాడు. పింగాణీ టీపాట్‌ని ముందు వేడినీళ్ళతో తొలిపి, ఆ నీళ్ళు పారబోయాలి. కప్పుకో చెంచా ఆకు. నీళ్ళు తెర్లగానే ఆకు మీద పోసి మూత పెట్టాలి. కాసేపు ఊరి, ఎర్రటి రంగు దిగాక వడగట్టాలి. ఆకు పొయ్యెక్కిందా, చేదు విషం. అదే ఆకులో మళ్ళీ వేడినీళ్ళు పోస్తే ఇంకో విడత వస్తుంది. మరిగించకుండా చాయ్ ఏమిటని లోపల నవ్వుకున్నాను.

మర్నాడు నా వంతు. ఆయన చూపించినట్టే చేసి పట్టుకెళ్ళాను. దొర మెల్లగా తాగాడు. బాగుందనీ అనలేదు, బాగాలేదనీ అనలేదు. టీపాట్‌లో మిగిలింది ఇంకో కప్పులో పోసి నా ముందుకు తోశాడు.

పాలు లేవు, చక్కెర లేదు. మొదటి గుక్కకే అమ్మ కళ్ళ ముందుకొచ్చింది. వానాకాలం తడి కట్టెల్ని గొట్టంతో ఊదుతూ, కొంగుతో కళ్ళు తుడుచుకునే అమ్మ. ఆమె చీరెల నిండా ఇదే వాసన. దీన్నా నేను పొద్దంతా కూర్చుని ఎండబెట్టి వదిలించింది? ఏడుపు ఆగలేదు. పొగ కళ్ళలో పడిందందామంటే అక్కడున్నది గ్యాసు పొయ్యాయె.

దొర కంగారుపడ్డాడు. లేచొచ్చి భుజం తట్టాడు.

"రో మత్, రో మత్. బహ్లా నహీఁ జానా."

ఏడవొద్దు, బహ్లా పోనక్కర్లేదంటున్నాడు. ఉద్యోగం పోతుందని ఏడుస్తున్నాననుకున్నాడు పాపం. నేనూ కాదనలేదు.