కొత్త వెర్షన్ మొక్కు

ఆ రోజుల్లో లోకంలో ఎవరు గట్టిగా అరిస్తే వాళ్ళు చెప్పేదే నిజమని నా నమ్మకం. ఒక వస్తువు ఎలా ఉందో దాన్నే చూసి తెలుసుకోవచ్చునన్న ఆలోచన నాకు చాలా ఆలస్యంగా వచ్చింది. అంతకుముందు, దాని గురించి నలుగురూ ఏమనుకుంటున్నారో చదివి, భయపడవలసినంతా భయపడి, ఆ భయాన్ని పక్కవాళ్ళకు కూడా పంచిపెడితే కాని ఊరుకునేవాణ్ణి కాదు. ఈ గుణం వల్ల నా మొదటి ఉద్యోగంలో ఏం జరిగిందో చెబితే మా ఆవిడ ఇప్పటికీ నమ్మదు.

తిరుపతిలో ఒక లాడ్జి పై అంతస్తులో మా ఆఫీసు. మొత్తం నలుగురం. యజమానిని సారు అనేవాళ్ళం. కోడు రాసే సీనియర్ పుత్తూరు నుంచి వచ్చేవాడు కనుక పుత్తూరన్న. మేం రాసినదాంట్లో తప్పులు పట్టడానికి చిత్తూరక్క. నాలుగోవాణ్ణి నేను, వడమాలపేట నుంచి రోజూ బస్సులో వచ్చి పడేవాణ్ణి. నాది ఆరు నెలల పరీక్ష ఉద్యోగం. ఆలోగా సారుకు నచ్చితే ఖాయం, లేకపోతే సంచీ సర్దుకుని బెంగుళూరు దారి పట్టాలి. మా నాయన మాత్రం అప్పటికే టీ అంగట్లో, "మావోడికి తిరపతిలోనే కంప్యూటర్ ఉద్యోగం. ఇంట్లో తిని ఇంట్లో పడుకుంటాడు" అని ఊరంతా చాటేశాడు. ఆ మాట నిలబెట్టడం నా పని.

గడువు ఇంకా ఇరవై రోజులు ఉందనగా ఆ కొత్త వెర్షన్ వచ్చింది. వెబ్ పేజీలో కనిపించే మీటలూ, పెట్టెలూ, జాబితాలూ ప్రతిసారీ మొదటినుంచి రాసుకోకుండా ఎవరో ముందే రాసిపెట్టిన సరంజామా ఉంటుంది. దాన్నే ఫ్రేమ్‌వర్క్ అంటారు. హైదరాబాదులో ప్రైవేటు బస్సులు నడిపే ఒకాయనకు మేం చేసిన టికెట్ల సైటు మొత్తం దానిమీదే నిలబడి ఉంది. సైటును ఆ ఫ్రేమ్‌వర్క్ పాత వెర్షన్ నుంచి కొత్త వెర్షన్‌కి మార్చే పని సారు నాకప్పగించారు. "ఇది సరిగ్గా చేస్తివంటే నీ కాయితం మీద సంతకం పెడతా" అన్నారు.

మరి నేనేం చేశాను? ఏమేం మారిందో ఆ ఫ్రేమ్‌వర్క్ వాళ్ళే రాసిపెట్టిన పేజీ ఒకటుంటుంది. అది తప్ప ఇంటర్నెట్‌లో జనం రాసినవన్నీ చదివాను. ఒకాయన ఇక కోడు మానేసి కోళ్ళు పెంచుకుంటానని రాశాడు. ఒకావిడ మూడేళ్ళ కష్టం మురుగుకాలవలో పోసినట్టయిందని వాపోయింది. ఇంకొకాయన పాత వెర్షన్‌కి ఏకంగా సంతాప సందేశమే రాశాడు. క్యారియర్లు విప్పే వేళకు ఇవన్నీ నేను తెలుగు చేసి వినిపించేవాణ్ణి (కాస్త కారం నేనే కలిపేవాణ్ణని ఇప్పుడు ఒప్పుకుంటాను).

"అట్లయితే మన సైటు గూడా కూలిపోతాదా అబ్బా?" అని పుత్తూరన్న ముద్ద చేతిలో పట్టుకునే అడిగేవాడు.

"కూలేది ఖాయమన్నా. సూడు, పెద్దపెద్దోళ్ళే తల పట్టుకోని కూసోనుండారు" అనేవాణ్ణి.

సారు మాత్రం రంగేసిన నల్లటి జుట్టును సవరించుకుంటూ, ఫోనులో బస్సులాయనతో "మాకిది మంచినీళ్ళు తాగినంత తేలికండీ" అనేవారు. ఆయన ధైర్యం చూస్తే నాకు ఇంకా భయమేసేది.

ఒక శుక్రవారం మధ్యాహ్నం పని మొదలుపెట్టాం. మిగతా ముగ్గురూ నా కుర్చీ వెనక నిలబడ్డారు. మీట నొక్కేముందు కళ్ళు మూసుకుని, "స్వామీ, సైటు నిలబడితే తలనీలాలు ఇస్తాను" అని లోలోపలే మొక్కుకున్నాను. కొండ కింద పుట్టినవాళ్ళం, ఇంకెవరికి చెప్పుకుంటాం? మీట నొక్కాను. తెరమీద ఎర్రగీతలు నాలుగైదు వచ్చాయి. సరిదిద్దాను. అంతే, సైటు లేచి కూర్చుంది. టికెట్టు బుక్కయింది, రద్దయింది, మళ్ళీ బుక్కయింది. మొదలుపెట్టేటప్పుడు తెప్పించిన టీ ఇంకా వెచ్చగానే ఉంది. గుండెమీది బండ దించినట్టయి నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి.

అప్పుడు అక్క తాపీగా ఆ మార్పుల పేజీ తెరిచింది. "పాత కోడు సానామటుకు అట్లే పని సేస్తాదని మొదట్లోనే రాసుండాది గదప్పా! నువ్వు ఇది సదవలేదా?"

"లేదక్కా. కామెంట్లు సదివినా."

ఆదివారం కొండకు పోయి మొక్కు తీర్చుకున్నాను. తిరుపతిలో గుండుతో తిరిగేవాణ్ణి ఎవరూ రెండోసారి చూడరు, అదే ఆ ఊరి సుఖం. అయినా ఎంత హడలిపోయానో ఆఫీసులో తెలిసిపోతుందని సోమవారం టోపీ పెట్టుకుని వెళ్ళాను. పుత్తూరన్న అప్పటికే వచ్చి, తలకు తువ్వాలు చుట్టుకుని కూర్చున్నాడు. ఒకరినొకరం చూసుకున్నాం.

"నువ్వూనా అన్నా?"

"నువ్వే గదరా సంపినావు, కోళ్ళు పెంచుకుంటానన్నోడి కత సెప్పి!"

అక్క నవ్వలేక నవ్వుతూ తన జడ కొస చూపించింది. "నేను మూడు కత్తెర్లు ఇచ్చొచ్చినాను" అంది (ఆడవాళ్ళు జడలో మూడుసార్లు కత్తిరించి ఇచ్చే మొక్కు అది). ముగ్గురం పొట్ట పట్టుకుని నవ్వుతుండగా తలుపు తీసుకుని సారు వచ్చారు. తలంతా చందనం.

సరిగ్గా అప్పుడే హైదరాబాదు నుంచి వీడియో కాల్. తప్పదు కనుక నలుగురం తెరముందు కూర్చున్నాం. బస్సులాయన ఒక్కొక్క తలనూ నిదానంగా చూశాడు. "మంచినీళ్ళు తాగినంత తేలికన్నారు కదండీ?" అన్నాడు. మొదట నవ్వింది సారే.

సాయంత్రం నన్ను లోపలికి పిలిచి కాయితం చేతికిచ్చారు. "నాకు బయం లేదనుకున్నావు గదా? నేనే బయపడినట్టు కనబడితే మీరు యాడికి పోతారప్పా? నువ్వు బయపడతానే కూసోని పని ముగించినావు. సాలు."

వెంటనే నాయనకు ఫోను చేశాను. "కాయితం ఇచ్చినారు నాయనా."

"అయితే బెంగుళూరికి పోయే పన్లేదా?"

"పన్లేదు నాయనా."

"నిజంగానే పన్లేదా?" అని నాయన మళ్ళీ అడిగాడు. టీ అంగట్లో చాటిన రోజు నుంచీ ఆయనకూ బెరుగ్గానే ఉండేదని అప్పుడు తెలిసింది నాకు.

ఇప్పుడు కొత్త వెర్షన్ వస్తే ముందు మార్పుల పేజీ చదువుతాను. జ్ఞానం వచ్చి కాదు, మొక్కుకుందామన్నా ఇవ్వడానికి తలమీద పెద్దగా ఏమీ మిగల్లేదు. నా దగ్గర పనిచేసేవాళ్ళు ఫోన్లు పట్టుకుని కంగారుగా వస్తే "ఏం కాదులేప్పా" అంటాను. నా గుండె ఎంత వేగంగా కొట్టుకుంటోందో వాళ్ళకు తెలియదు. ఆ టోపీవాణ్ణి, ఆనాటి నన్ను, తలుచుకుంటే నవ్వొస్తుంది, వాడి మీద కొంచెం అసూయ కూడా కలుగుతుంది. వాడు భయపడినప్పుడు, వాడితో సమానంగా భయపడుతూ, కుర్చీ వెనక ముగ్గురు నిలబడి ఉన్నారు.