ఇస్త్రీ చేసిన ఆకులు

మొన్న మా తమ్ముడి కూతురు ఫోన్ చేసి, “పెదనాయినా, నౌకరి చేసుకుంట బాటనీ చదివితే ముందుముందు ఏమన్న ఫాయిదా ఉంటదా?” అని అడిగింది. నాకు మా చిన్నమ్మ గుర్తొచ్చింది. ఎనభైల చివర్లో ఆమె ఆత్మకూరులో చిన్న బడి టీచరమ్మ. వాళ్లిల్లు మా వెనక సందులోనే. డిగ్రీ ఉంటే హైస్కూల్లో సైన్సు టీచరు కావచ్చన్న ఆశతో ఆదివారాలు మహబూబ్‌నగర్ వెళ్లి, దూరవిద్యలో బాటనీ చదివేది. చిన్నాయిన దర్జీ. దుకాణానికి వచ్చిన ప్రతివాడూ “చెట్ల సదువుకు ఏం నౌకరొస్తదన్నా?” అని ఆయన్ని గెలికేవాడు. “నీ చేన్ల పత్తి ఎందుకు సచ్చిందో జెప్పెటోళ్లు ఒగలు వద్దా?” అని చిన్నాయిన పంటితో దారం కొరుకుతూ జవాబిచ్చేవాడు.

ప్రాక్టికల్ పరీక్షకు మొక్కల్ని వేళ్లతో సహా తెచ్చి, పాత పేపర్ల మధ్య నొక్కి ఆరబెట్టి, అట్టలకు అంటించి చూపించాలి. ఆ ఏడు ముసురు పట్టి వదల్లేదు. తంగేడు, గునుగు, తుమ్మి అన్నీ తడితడిగా మెత్తబడుతుంటే చిన్నమ్మకు అన్నం సహించలేదు. పరీక్ష రేపనగా, ఆమె బడికి వెళ్లిన సమయం చూసి చిన్నాయిన ఆ బరువంతా తన నెత్తికెత్తుకున్నాడు. బొగ్గుల ఇస్త్రీపెట్టె రాజేసి, పెండ్లికొడుకు ప్యాంటుకు చేసినంత శ్రద్ధగా, నీళ్లు చిలకరించి మరీ ఒక్కొక్క మొక్కనూ ఇస్త్రీ చేశాడు. ఆమె వచ్చేసరికి ఆకులన్నీ మాడిన అప్పడాల్లా ఉన్నాయి.

“ముడుతలు పోవాలెనని జర...” అని నసిగాడు.

“ఆరనీకి గింత తిప్పలైతుంటే మల్ల నీళ్లు సల్లినవా!” అంది చిన్నమ్మ. ముందు నవ్వింది, తర్వాత చాలాసేపు ఏడ్చింది. ఆ పరీక్ష తప్పింది. మళ్లీ ఏడాది ఆగాల్సి వచ్చింది.

కొన్నాళ్ల తర్వాత ఒక ఆదివారం చిన్నాయిన దుకాణం మూసేసి ఆమె వెంట బస్సెక్కాడు. ఆదివారమంటే మంచి గిరాకీ రోజు, ఈయనకు పిచ్చి పట్టిందన్నారు అందరూ. అయినా ఆ ఏడాదంతా మానలేదు. ఆమె లోపల ప్రాక్టికల్స్ చేస్తుంటే బయట మెట్లమీద కూర్చునేవాడు. వచ్చేటప్పుడు ఇద్దరూ ఊరికి ముందే దిగి, చేల గట్ల వెంట మొక్కలు ఏరుకుంటూ నడిచి వచ్చేవారు. మొక్కల కుటుంబాల పేర్లకు నోరు తిరగక, ఆయన వాటిని ఇంటిపేర్లనేవాడు. “బెండది, పత్తిది ఒక్కటే ఇంటిపేరట్రా! ఒక్క వంశంల పాలోళ్లన్నట్టు” అని నాకు సంబరంగా చెప్పాడొకసారి. చిన్నమ్మ ఆ ఏడు పాసైంది. తర్వాత బీఈడీ కూడా ముగించి, కోరుకున్నట్టే హైస్కూలుకు వెళ్లింది.

చిన్నాయిన పోయి కొన్నేళ్లయింది. ఈమధ్య చిన్నమ్మను చూడబోయి, “ఆ ఇస్త్రీ లేకుంటే ఏడాది ముందే పెద్ద బడికి పోతుంటివి” అని ఎప్పటిలాగే ఎగతాళి చేశాను. ఈసారి ఆమె నవ్వలేదు.

“పెండ్లయినంక మేమిద్దరం కలిసి తిరిగింది గా ఒక్క ఏడాదేరా. మిగిలిన కాలమంత ఆయన మిషన్ కాడ, నేను బడి కాడ” అంది.

ఒక ఏడాది దండగైందో దక్కిందో తేలడానికి ఒక్కోసారి ముప్పై ఏళ్లు పడుతుంది.